ఎదురుపాఠం

పుస్తకం బల్ల మీద పడిన చప్పుడుకి డీన్ గారి కాఫీ సాసరులోకి ఒలికింది.

"నూట పన్నెండో పేజీ తియ్యండి సార్," అందామె. "మీరే చదవండి. గట్టిగా."

ఆ పుస్తకం రాసిన మనిషి సరిగ్గా ఎదురు కుర్చీలో ఉన్నాడు. విభాగాధిపతి. ఆమెకి సొంత మేనమామ కూడా. ఆఫీసు గుమ్మం లోపల సార్, గుమ్మం బయట మామయ్య. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆమె ఆ గీత దాటలేదు. ఇవాళ దాటేలా ఉంది.

"రాసినవాణ్ణి నేను. మళ్ళీ నాకే చదివించడం ఏమిటి?" అన్నాడాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"అయితే నేనే చదువుతాను." పేజీ ఆమెకి నోటికి వచ్చు. పుస్తకం కేసి చూడను కూడా చూడలేదు. "'పై అధికారికి వ్రాయునప్పుడు అప్రియమైన విషయమును నాలుగవ పేరాకు పూర్వము ప్రస్తావింపరాదు. అట్లు ప్రస్తావించుట అమర్యాద.'"

"తప్పేముంది అందులో? మర్యాద నేర్పాను."

"మీ మర్యాదకి ఒక మనిషి కాలు పోయింది."

డీన్ సాసరులో ఒలికిన కాఫీని మళ్ళీ కప్పులోకి వంచుకున్నాడు.

ఆ గదిలో ఉన్నది నలుగురు. అధ్యక్షత వహించే డీన్, మనవి మాస్టారని పిల్లలు చాటుగా పిలుచుకునే మామయ్య, పిల్లలు ఎదురుగానే కత్తెర మేడం అని పిలిచే ఆమె, బయటి సభ్యురాలిగా వచ్చిన ఒక పెద్దావిడ. ఆ పెద్దావిడ ఒక పెద్ద ఆసుపత్రిలో ఆఫీసు వ్యవహారాలు చూస్తుంది. విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలకి వ్యాపార లేఖనం పేపరుకి ఏ పుస్తకం పెట్టాలో తేల్చడం వాళ్ళ పని. ఒకసారి పెట్టారంటే మళ్ళీ ఐదేళ్ళ దాకా కదిలించరు. వడపోతలు అయ్యాక రెండు మిగిలాయి. ఒకటి మామయ్య రాసిన లావుపాటి ఎర్రట్ట పుస్తకం. ఇన్నేళ్ళుగా రాజ్యమేలుతున్నది అదే. రెండోది ఎవరో కొత్తవాళ్ళు రాసిన సన్న పుస్తకం. మడిచి జేబులో పెట్టుకోవచ్చు.

"ఇది మీ ఇంటి విషయంలా ఉంది," అని డీన్ సణిగాడు. సమావేశం ఏదైనా భోజనానికి ముందే ముగియాలని ఆయన కోరిక.

"ఇంటి విషయం కాదు సార్. వినండి."

చెప్పింది.

ఆమె చెల్లెలు ఒక గిడ్డంగిలో షిఫ్టు చూసుకునేది. పగలు పని, సాయంత్రం చదువు. సాయంత్రం బ్యాచికి ఈ పేపరు చెప్పే లెక్చరరు లేడు. పోస్టు ఖాళీ. ఎప్పుడు నింపుతారని అడిగితే ఫైలు నడుస్తోందంటారు. కాబట్టి వాళ్ళకి గురువు, దైవం అన్నీ ఆ ఎర్రట్ట పుస్తకమే. గిడ్డంగిలో సరుకుల లిఫ్టు గొలుసు ఒక లింకు దగ్గర నోరు తెరుచుకుని ఉండటం చెల్లెలు చూసింది. మేనేజరుకి కాగితం రాసింది. పుస్తకంలో ఎలా ఉందో అలాగే. మొదటి పేరాలో తమ సమర్థ నాయకత్వమున గిడ్డంగి దినదినాభివృద్ధి చెందుట. రెండో పేరాలో అందుకు సిబ్బంది ఎల్లరి ఆనందం. మూడో పేరాలో తమ విలువైన కాలమును హరించుచున్నందుకు క్షమార్పణ. నాలుగో పేరాలో, 'మరియు సరుకుల లిఫ్టు గొలుసు విషయమై వీలునుబట్టి తమ దృష్టిని ప్రసరింపజేయ ప్రార్థన.'

మేనేజరు మొదటి పేరా చదివాడు. నవ్వుకున్నాడు. కాగితం ట్రేలో వేశాడు. మర్నాడు లిఫ్టు మూటలతో సహా ఒక మనిషి మీదికి దిగింది.

"విచారణలో ఆ మేనేజరు ఏమన్నాడో తెలుసా సార్? 'అది ఫిర్యాదని నాకు తెలీదు, ఏదో శుభాకాంక్షలు అనుకున్నాను' అన్నాడు. అందరూ నవ్వారట. సరిగ్గా తెలియజేయలేదని మా చెల్లిని ఉద్యోగంలోంచి తీసేశారు."

"చదవనివాడిది తప్పు," అన్నాడు మామయ్య. "రాసిన పద్ధతిది కాదు. ఆ మాట నేను ఇంట్లోనూ చెప్పాను."

నిజమే. ఇంట్లోనూ చెప్పాడు. చెల్లెలు మూడు రోజులుగా ముద్ద ముట్టకుండా కూర్చుని ఉంటే, ఆ పిల్ల ఎదురుగా నిలబడి చెప్పాడు. భాష మటుకు చక్కగా ఉందని మెచ్చుకున్నాడు కూడా. ఆ రోజు నుంచీ ఆమె ఒంట్లో ఒక మంట రాజుకుని ఉంది. నిద్ర లేచినా అదే, బోర్డు తుడిచినా అదే.

"అంటే ఎర్రట్ట పుస్తకాన్ని మీరు గట్టిగా వ్యతిరేకిస్తున్నారు," అన్నాడు డీన్.

"గట్టిగా."

"రాసుకోమంటారా?"

"రాసుకోండి."

మామయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. పెదవి చివర చిన్న నవ్వు. ఆ నవ్వు చూశాక గానీ ఆమెకి తను ఎక్కడ కాలు పెట్టిందో అర్థం కాలేదు.

ఆ విభాగంలో ఒక పాత పద్ధతి ఉంది. ఎవరు ఏ పుస్తకాన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నామని రాయిస్తారో, ఆ పుస్తకంలోంచి వాళ్ళే ఒక పాఠం చెప్పాలి. కమిటీ వెనక బెంచీల్లో కూర్చుంటుంది. పాఠం అయ్యాక పిల్లలు ఒక కాగితం రాస్తారు. అందులో ఎన్ని పనికొస్తాయో బయటి సభ్యులు తేలుస్తారు. ఎక్కువ పనికొస్తే ఆ పుస్తకం నెగ్గినట్టే. తిట్టడం తేలిక, ముందు మోసి చూడు అని ఎప్పుడో ఒక పెద్దమనిషి పెట్టిన రూలు. దాన్ని ఎదురుపాఠం అంటారు.

"మరి సన్న పుస్తకం సంగతి?" డీన్ మామయ్య వైపు తిరిగాడు. "మీకేమైనా అభ్యంతరమా?"

"నాకేం అభ్యంతరం. చక్కటి పుస్తకం. హైస్కూలు పిల్లలకి బాగుంటుంది," అన్నాడు మామయ్య తాపీగా. "వ్యతిరేకత అని మాత్రం రాయకండి."

వ్యతిరేకించకపోతే ఎదురుపాఠం లేదు. మోసేది ఆమె ఒక్కతే. ఆయన వెనక బెంచీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు.

*

"చెడగొట్టెయ్ అక్కా," అంది చెల్లెలు.

వంటగదిలో గిన్నెలు కడుగుతూ అంది. ఉద్యోగం పోయాక ఇంటి పనంతా మీద వేసుకుంది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

"చెడగొట్టక్కర్లేదే. ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు. నా మాట ఒక్కటి కూడా కలపను. నూట పన్నెండో పేజీ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా అప్పజెప్పేసి దిగిపోతాను. పిల్లలు ఆ పుస్తకం ఎలా రాయమంటే అలా రాస్తారు. ఆ ఆసుపత్రి ఆవిడ చదివి తల బాదుకుంటుంది. సరిపోయింది."

"నీ వల్ల కాదు."

"ఏం కాదు?"

"ఊరుకోవడం." చెల్లెలు వారాల తర్వాత మొదటిసారి నవ్వింది. "చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పేదానివి గుర్తుందా? నేను నిద్రపోతే నిద్రలో కూడా చెప్పేదానివి."

"అప్పుడు నీ మీద కోపం లేదు. ఇప్పుడు ఆయన మీద ఉంది. తేడా లేదూ?"

"చూద్దాంలే," అంది చెల్లెలు, గిన్నె బోర్లిస్తూ.

*

పెద్ద తరగతి గది. పగటి బ్యాచి పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. వెనక బెంచీలో డీన్, ఆసుపత్రి ఆవిడ, మామయ్య. మామయ్య ఇస్త్రీ మడత నలగకుండా కాలు మీద కాలు వేసుకున్నాడు.

ఆమె ఎర్రట్ట పుస్తకం విప్పింది. చదవడం మొదలుపెట్టింది.

రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు చదివింది. ఎక్కడా ఆగలేదు. తల ఎత్తలేదు. సుద్దముక్క ముట్టుకోలేదు. కత్తెర మేడంకి ఒంట్లో బాగాలేదేమోనని ముందు బెంచీ అమ్మాయిలు మొహాలు చూసుకున్నారు. ఒక కుర్రాడు అరచేయి అడ్డం పెట్టుకుని ఆవులించాడు. బాగుంది, అనుకుందామె. ఇంకో రెండు పేరాలు ఇలాగే చదివితే మిగతావాళ్ళు కూడా పడుకుంటారు.

"మేడం."

గోడ పక్కన కూర్చున్న అమ్మాయి. చెయ్యెత్తి ఉంది.

"చివర్లో అడుగు."

"చివరికి మర్చిపోతాను మేడం. ఆయన నాలుగో పేరా దాకా చదువుతాడంటారా?"

"ఎవరు?"

"ఎవరికి రాస్తున్నామో ఆయన."

ఆమె పుస్తకంలోకి చూసింది. దానికి జవాబు ఆ పుస్తకంలో లేదు. 'పుస్తకంలో లేదు, కూర్చో' అంటే అయిపోయేది. అందామనే నోరు తెరిచింది.

"చదవడు," అంది.

"మరి ఎందుకు మేడం రాయడం?"

గదిలో నవ్వులు. ఆవులించిన కుర్రాడు కూడా నవ్వాడు. ఆమెకి చెల్లెలు గుర్తొచ్చింది, ట్రేలో పడి ఉన్న కాగితం గుర్తొచ్చింది. మంట గొంతు దాకా వచ్చింది. వచ్చినది వచ్చినట్టు చేతిలోకి దిగింది. సుద్దముక్క ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలీదు.

"ఎందుకు రాస్తాంరా? వాడి చేత ఒక పని చేయించడానికి రాస్తాం. మనకి ఎంత భాష వచ్చో చూపించడానికి కాదు. ఇదిగో, ఈ ఉత్తరం చూడండి. ఇందులో పని ఎక్కడుంది? వెతకండి. అట్టడుగున ఉంది. పట్టుకుని పైకి లాగండి. లాగారా? ఇప్పుడు మిగతాదంతా కోసెయ్యండి. నువ్వు, లేచి చెప్పు, ఏం కోశావు? దినదినాభివృద్ధి కోశావా? శభాష్. క్షమార్పణ ఎందుకు ఉంచావు? ఏం తప్పు చేశావని?"

బోర్డు నిండింది. తుడిచింది. మళ్ళీ నిండింది. గంట కొట్టేసరికి ఆమె మోచేతుల దాకా సుద్దపొడి. పిల్లలు ఒక్కళ్ళూ కునుకు తియ్యలేదు. అప్పుడు వెనక బెంచీ వైపు చూసింది.

మామయ్య నోట్సు రాసుకుంటున్నాడు.

తను ఏం చేసిందో ఆమెకి అప్పుడు తెలిసింది.

*

ఆసుపత్రి ఆవిడ ప్రశ్న ఇచ్చింది. నీళ్ళ ట్యాంకు కడుగుతున్నారు, రేపు ఉదయం వార్డుల్లో ఎవరూ కుళాయి నీళ్ళు తాగకూడదు, ఒక నోటీసు రాయండి అని. పిల్లలు రాశారు. ఆవిడ కాగితాలు రెండు దొంతరలు చేసింది. పనికొచ్చేవి కుడివైపు, పనికిరానివి ఎడమవైపు. కుడి దొంతర ఎత్తుగా లేచింది. ఎడమవైపు చెప్పుకోదగ్గవి లేవు.

"ఉన్నపళంగా గోడకి అంటించుకోవచ్చు," అందావిడ. "ఇంత బాగా రాసే పిల్లల్ని ఈ మధ్య చూడలేదు."

"నా పుస్తకం అండీ," అన్నాడు మామయ్య వినయంగా.

"అందులో ఒక్క ముక్క కూడా పుస్తకంలోది కాదు," అని అరిచిందామె.

"చెప్పిన పాఠం ఏ పుస్తకంలోది అమ్మాయ్?"

"మీదే. కానీ నేను..."

"చేతిలో ఉన్నది ఏ పుస్తకం?"

"మామయ్యా."

"ఇక్కడ సార్," అన్నాడాయన. తర్వాత డీన్ వైపు తిరిగి, "బంధుత్వం కొద్దీ కాస్త ఆవేశపడుతోంది. గట్టిగా వ్యతిరేకించిన మనిషి చెప్పినా నా పుస్తకం ఫలితం ఇచ్చింది. ఇంతకన్నా ఏం కావాలి? మనవాళ్ళు ఊరికే పెట్టలేదు ఆ రూలు," అన్నాడు.

డీన్ గడియారం చూసుకున్నాడు. కలం మూత తీశాడు. ఆ కలం కాగితం మీద ఆనిందంటే ఐదేళ్ళు. సాయంత్రం బ్యాచిలో పగలంతా పనిచేసి వచ్చే పిల్లలు ఐదేళ్ళపాటు ఆ నాలుగో పేరా నేర్చుకుంటారు. వాళ్ళకి చెయ్యెత్తి అడగడానికి మేడం ఉండదు. ఆ పేజీ ఒక్కటే ఉంటుంది.

బల్ల తిరగెయ్యాలనిపించింది. ఆమె అలాంటిదేమీ చెయ్యలేదు. కోపాన్ని మింగి, మొహం మీదికి నవ్వు తెచ్చుకుంది. ఆ నవ్వు చూసి ఉంటే చెల్లెలు రెండడుగులు వెనక్కి వేసేది.

"ఒప్పుకుంటున్నాను సార్. ఓడిపోయాను. ఒక్క చిన్న కోరిక. ఎర్రట్ట పుస్తకమే పెట్టండి. దాని పక్కన సన్న పుస్తకం కూడా పెట్టండి. ఇదీ చదవండి, అదీ చదవండి అని. సిలబసు అట్ట మీద రెండు పేర్లూ పక్కపక్కనే వేయిద్దాం. ఒకే సైజు అక్షరాల్లో."

"అదీ బాగానే ఉంది," అన్నాడు డీన్, గొడవ వదిలిపోతుందని.

మామయ్య కాలు కిందికి దింపాడు.

"దేని పక్కన ఏది?"

"మీ పుస్తకం పక్కన అది. పెద్దవాళ్ళ పక్కన చిన్నవాళ్ళు ఉండకూడదా? ముందు అది చదివి, ఆ తర్వాత మీది చదివితే మీది ఇంకా బాగా అర్థమవుతుందని పిల్లలు అంటున్నారు."

"ఏ పిల్లలు? నా పుస్తకం అర్థం కావడానికి ఆ కరపత్రం కావాలా?"

"కరపత్రం అనకండి సార్. చక్కటి పుస్తకం అని మీరే అన్నారు."

"మర్యాదకి అన్నాను. అందులో ఏముంది? ఒక సంబోధన సరిగ్గా ఉందా? ఒక ముగింపు వాక్యం ఉందా? టెలిగ్రాము ఇచ్చినట్టు రాయమంటాడు. దాన్ని నా పక్కన కూర్చోబెడతారా? కుదరదు. నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను."

"రాసుకోమంటారా?" అంది ఆమె.

"రాసుకోండి. పెద్ద అక్షరాలతో రాసుకోండి."

డీన్ అలవాటుగా రాసేసుకున్నాడు. రాశాక కలం ఆగింది. ఆయన మెల్లగా తలెత్తాడు. ఆసుపత్రి ఆవిడ అప్పటికే నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే ఎదురుపాఠం మీది మామయ్యా," అందామె. ఆఫీసు గుమ్మం లోపల ఉన్నారు. ఆయన దిద్దలేదు.

"బాగుంది," అంది ఆసుపత్రి ఆవిడ, కళ్ళజోడు గొలుసు సర్దుకుంటూ. "ఈసారి పిల్లలు సాయంత్రం బ్యాచి వాళ్ళయితే మంచిది. పుస్తకం తప్ప దిక్కులేని వాళ్ళు వాళ్ళే కదా. ప్రశ్న కూడా నా దగ్గర ఉంది. ఆ గిడ్డంగి లిఫ్టే."

*

సాయంత్రం గది చిన్నది. బల్లలకి గీతలు, ట్యూబులైటు ఒక కొన నల్లబడింది. పిల్లలు పని బట్టలతోనే వచ్చారు. ఒకడి చొక్కా మీద పెట్రోలు బంకు గుర్తు, ఒకామె భుజాన టైలరింగు టేపు అలాగే ఉండిపోయింది. చివరి బెంచీలో చెల్లెలు. సన్న పుస్తకంలోని పాఠం అందరికీ జిరాక్సు తీసి ఇచ్చారు.

మామయ్య చెల్లెల్ని చూశాడు. చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

తర్వాత ఆయన చేసింది చూసి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తను చెయ్యాలనుకుని చెయ్యలేకపోయిన పని ఆయన అవలీలగా చేశాడు. చదివాడు. గొంతు గొణుగుడికి దించి, వరసకి వరస కలిపేసి, ఉదాహరణలున్న చోట 'వగైరా' అని దాటేసి చదివాడు. బంకు కుర్రాడు చెయ్యెత్తితే, "పుస్తకం చూసుకో," అన్నాడు. టేపు ఆమె ఏదో అడగబోతే, "పుస్తకంలో ఉంది కదమ్మా," అన్నాడు. బోర్డు మీద ఒక్క గీత పడలేదు. గంట ఇంకా చాలా దూరం ఉండగానే, "ఇంతే. ఇందులో ఇంతకన్నా ఏమీ లేదు," అని పుస్తకం మూసి కూర్చున్నాడు.

"ఇదేం అన్యాయం?" అని ఆమె వెనక బెంచీలోంచి లేవబోయింది. ఆసుపత్రి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఉండమ్మా. వాళ్ళని చూడు."

పిల్లలు మామయ్య వైపు చూడటం ఎప్పుడో మానేశారు. తలలు వంచుకుని జిరాక్సు కాగితాల్లోకి చూస్తున్నారు. చూసుకోమన్నాడు కాబట్టి చూసుకుంటున్నారు. అందులో ప్రతి పేజీ పైన గీతలతో గీసిన ఒక ఖాళీ డబ్బా ఉంది. దాని కింద ఒక ప్రశ్న. 'ఇది చదివినవాడు రేపు పొద్దున ఏం చెయ్యాలి? ముందు ఇక్కడ రాయి. రాశాకే మిగతాది.' బంకు కుర్రాడు అప్పటికే పెన్సిలుతో ఆ డబ్బా నింపుతున్నాడు. పక్కవాడు తొంగిచూసి, "అంత పెద్దది పట్టదురా, కుదించు," అన్నాడు. కింద రెండో ప్రశ్న. 'అతను కూర్చుని చదువుతాడా, నిలబడి చదువుతాడా?' టేపు ఆమె పక్కామెతో గుసగుసగా, "మా ఓనరు నడుస్తూ చదువుతాడు," అంది. ఇద్దరూ కిసుక్కున నవ్వుకున్నారు.

లిఫ్టు గొలుసు ప్రశ్న ఇచ్చారు. అంతా రాస్తున్నారు. చెల్లెలు మాత్రం కలం పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆ డబ్బాని చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత కాగితం మీదికి వంగి, కలం విరిగిపోతుందేమో అన్నంత ఒత్తి రాసింది. అందరికన్నా ముందు లేచి కాగితం ఇచ్చేసి, మామయ్య పక్కనుంచే బయటికి వెళ్ళిపోయింది.

కాగితాల మీద పేర్లు లేవు. ఆసుపత్రి ఆవిడ అక్కడే నిలబడి చదివింది. "నేనూ నిలబడే చదువుతాను మరి," అంది. కుడివైపు దొంతర లేస్తూనే ఉంది. పగటి బ్యాచి అంత నున్నగా రాయలేదు వీళ్ళు. అక్షరాలు వంకర, వాక్యాలు మొరటు. కానీ ఏ కాగితం తీసినా గొలుసు సంగతి మొదటి లైనులోనే ఉంది. ఒక కాగితం దగ్గర ఆవిడ ఆగి, పైకి చదివింది.

"'లిఫ్టు ఇప్పుడే ఆపించండి. గొలుసు లింకు విడిపోతోంది. కింద మనుషులున్నారు.'"

ఎవరిదో ఆమె అడగక్కర్లేదు. మామయ్యకీ అక్కర్లేకపోయింది.

"నేను సరిగ్గా చెప్పలేదు కాబట్టి ఈ ఫలితం లెక్కలోకి రాదు," అన్నాడాయన.

"సరిగ్గా చెప్పకపోయినా వచ్చింది కదండీ," అంది ఆసుపత్రి ఆవిడ. "ఈ మేడం చెబితే తప్ప మీది పనిచెయ్యలేదు. మీరు చెడగొట్టినా ఇది పనిచేసింది. మాస్టారు లేని పిల్లలకి ఏది కావాలో ఇంకా ఆలోచించాలా?"

డీన్ కలం మూత తీశాడు. ఈసారి ఆయన గడియారం చూసుకోలేదు.

*

అక్కడితో అయిపోతే బాగుండేది. కాలేజీలన్నిటికీ సర్క్యులరు పంపాలి. దాని మీద సంతకం పెట్టవలసింది విభాగాధిపతి. రాయవలసింది కూడా ఆయనే. అది అందగానే కాలేజీలు పుస్తకాలు తెప్పించుకుంటాయి. వేళకి అందకపోతే పాత పుస్తకమే తెప్పించేస్తాయి.

సర్క్యులరు ఆమె బల్ల మీదికి వచ్చేసరికి బయట టపా బస్తా కట్టేస్తున్నారు. చదివింది. ఒకసారి చదివి, నమ్మలేక మళ్ళీ చదివింది. కారిడార్లో తన కోసం కాచుకుని ఉన్న చెల్లెలి చేతిలో పెట్టింది.

"చదువు. నిలబడే చదువు. నువ్వు ఒక కాలేజీలో గుమస్తావి అనుకో."

చెల్లెలు చదివింది. మొహం చిట్లించింది. కాగితం వెనక్కి తిప్పి చూసింది.

"ఇంతకీ ఏ పుస్తకం కొనాలి అక్కా?"

ఆమె తలుపు కొట్టకుండానే మామయ్య గదిలోకి వెళ్ళింది. చెల్లెలు గుమ్మం దగ్గరే ఆగింది.

"ఏమిటిది?"

"సర్క్యులరు."

"'విద్యారంగమున మన విశ్వవిద్యాలయము సాధించిన అనన్య ప్రగతి ఎల్లరకు విదితమే.' ఇది మొదటి పేరా. రెండోది పాత పుస్తకం చేసిన సేవ. మూడోది కాలేజీల సహకారానికి కృతజ్ఞతలు. పుస్తకం మారిందన్న ముక్క నాలుగో పేరాలో, అదీ ఆఖరి వాక్యంలో. ఎవడు చదువుతాడు దీన్ని? అలవాటుగా ఎర్రట్టదే తెప్పిస్తారు. కావాలనే రాశావా మామయ్యా?"

'నువ్వు' అనేసింది. ఆఫీసులో అలా అనడం ఉద్యోగంలో చేరాక మొదటిసారి. ఆయన ఉలిక్కిపడి తలెత్తాడు. ఆ మొహంలో దొంగతనం పట్టుబడినవాడి తత్తరపాటు కోసం ఆమె వెతికింది. దొరికితే తిట్టడానికి మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

అది లేదు. ఆయన నిజంగానే అయోమయంగా కాగితం తీసుకుని మొదటి నుంచి చదివాడు. వేలు పెట్టి చదువుతూ వెళ్ళి నాలుగో పేరా దగ్గర ఆగాడు.

"చెప్పానుగా," అన్నాడు. "ఇక్కడ ఉంది. స్పష్టంగానే ఉంది కదా. ఇంకెలా రాస్తారు?"

కుట్ర అయితే ఎదుర్కునేది. ఇది కుట్ర కాదు. ఆయనకి నిజంగా కనబడటం లేదు. ఇన్నేళ్ళుగా ఎన్ని వందలమందికి ఈ కళ్ళనే అరువిచ్చాడో తల్చుకుంటే కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది.

"ఒక్కసారి నన్ను చూడు మామయ్యా," అంది చెల్లెలు గుమ్మం దగ్గర నుంచే. గొంతు పెద్దగా లేదు. "నేను కూడా స్పష్టంగానే రాశాననుకున్నాను."

ఆయన చూశాడు.

బయట నుంచి టపా మనిషి కేక వేశాడు. "మేడం, బస్తా కట్టేస్తున్నా. ఏమైనా ఉంటే ఇవ్వండి."

ఆమె మామయ్య బల్ల మీదున్న కత్తెర అందుకుంది. కాగితం ఆయన చేతిలోంచి లాక్కుంది. మొదటి మూడు పేరాలు కోసేసింది. నాలుగో పేరాలో ఆఖరి వాక్యం తప్ప మిగతాది కోసేసింది. చేతిలో మిగిలింది ఒక చీలిక, దాని కింద ఆయన సంతకం. మధ్యలో ఖాళీ కూడా పెద్దగా లేదు. తెల్ల కాగితం మీద ఆ చీలిక అంటించింది.

"'ఈ సంవత్సరము నుండి సన్న పుస్తకమే పాఠ్యపుస్తకము కావున పాత పుస్తకము తెప్పించవలదు.' ఇదేనా నువ్వు చెప్పదల్చుకున్నది?"

"అదే," అన్నాడాయన. "కానీ మరీ మొరటుగా..."

"చెల్లీ, జిరాక్సు తీసుకురా. కాలేజీకి ఒకటి."

చెల్లెలు కాగితం తీసుకుని పరిగెత్తింది. మామయ్య బల్ల మీద పడి ఉన్న మూడు పేరాల ముక్కలు ఏరుకుని, ఒకదాని పక్కన ఒకటి సర్దుతున్నాడు. ఆమె కత్తెర బల్ల మీద పెట్టి, బయటికి వెళ్తూ తలుపు ధడాలున వేసింది.